ఆదివారం గాలి

మా కోచ్ సార్ పోయి వారం దాటింది. పోయిన రోజుకంటే ఈ వారంలోనే ఆయన గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువయ్యారు. మాది యూనివర్సిటీ తెరచాప పడవల జట్టు పాత విద్యార్థుల సంఘం. దాని వాట్సాప్ గ్రూపులో సంతాప సభ ఫ్లెక్సీ గురించి మూడు రోజులుగా ఎడతెగని చర్చ. సార్ ఫొటో నడుమ రావాలా, ఎడమ పక్క రావాలా? కింద కమిటీ వాళ్ళ ఫొటోలు గుండ్రంగా ఉండాలా, పలకగా ఉండాలా? ఒకాయనకు తన ఫొటోలో జుట్టు పలచగా కనిపించిందట, ఇంకోటి పంపించాడు. అదీ నచ్చక మూడోది పంపించాడు.

నాకు అప్పగించిన పని సభలో చదవడానికి సార్ జీవిత విశేషాలు పది వాక్యాల్లో రాయడం. నేను ఆ సంఘానికి సంయుక్త కార్యదర్శిని. కమిటీలో ఒక ఆడమనిషి ఉంటే బాగుంటుందని పెట్టారు, ఉన్నాను. పాకాలలో జూనియర్ కాలేజీ లెక్చరర్ని కాబట్టి పది వాక్యాలు నాకు చిటికెలో పని అని మా అధ్యక్షుడి నమ్మకం. కాగితం తీసుకుని కూర్చున్నాను. పుట్టింది నగరిలో, మగ్గం నేసే ఇంట్లో. నేవీలో పనిచేశాడు. రిటైరయ్యాక మాకు కోచ్‌గా వచ్చి చంద్రగిరిలో గది అద్దెకు తీసుకున్నాడు. అంతే, నాకు తెలిసింది అయిపోయింది. పుట్టిన తేదీ తెలియదు. ఏ ఓడలో పనిచేశాడో, ఏమేం పతకాలు వచ్చాయో తెలియదు. తెలిసినవన్నీ ఫ్లెక్సీకి పనికిరానివి.

ఆయన లుంగీ అంచులు ఎప్పుడూ కురచగా, చివర్లు పీకినట్టు ఉండేవి. పడవ నీళ్ళలోకి దించే ముందు ఆ అంచులోంచి ఒక నూలుపోగు లాగి, తెరచాప కొయ్యకు కట్టిన తాడుకు ముడివేసేవాడు. గాలి ఎటు వీస్తే పోగు అటు తిరుగుతుంది. పడవలతోపాటు గాలి చూపించే సామాను కూడా వచ్చింది గానీ, దాన్ని ఆయన డబ్బాలోంచి తీయలేదు. "నూలు అబద్ధం జెప్పదు పాపా. మా అమ్మ పోగు పట్టుకోని సూసి రేపు వాన వస్తాదని జెప్తా ఉండె," అనేవాడు. చదివినన్నాళ్ళూ అదే లుంగీని చూశామని మేం నవ్వుకునేవాళ్ళం.

ఎవరైనా చుట్టిన తెరచాప మీద కూర్చుంటే ఊరుకునేవాడు కాదు. మామూలుగా గొంతు లేవని మనిషి అప్పుడు మాత్రం అరిచేవాడు. "లెయ్! గుడ్డ మీద కూసుంటావా? నేసినోళ్ళు సూస్తే ఏమనుకుంటారు?" అది ఏ ఫ్యాక్టరీలోనో తయారైన గుడ్డ సార్, ఎవరూ నేయలేదు అంటే వినేవాడు కాదు. మడతపెట్టేటప్పుడు చీర మడతపెట్టినట్టే పెట్టేవాడు, రెండు కొసలు గడ్డం కింద ఇరికించుకుని.

ఇంకో అలవాటు, చేతులు చూడటం. వచ్చీ రాగానే వరసగా నిలబెట్టి "చెయ్యి సూపీ" అనేవాడు. మేం అరచేతులు చాపేవాళ్ళం. తాడు ఒరుసుకుని కాయలు కాసిన చేతిని బొటనవేలితో ఒకసారి నొక్కి వదిలేసేవాడు. చెయ్యి మెత్తగా ఉన్నవాళ్ళకు ఆ రోజు ఎక్కువసేపు తాడు ఇచ్చేవాడు. శభాష్ అనే మాట ఆయన నోట ఎవరూ విన్న పాపాన పోలేదు.

తిరుపతిలో తెరచాప పడవలా అని ఇప్పటికీ అడుగుతారు. మా ఇంట్లోనూ అడిగారు. చంద్రగిరి దాటాక కొండల నడుమ పెద్ద జలాశయం ఉంది. పొద్దున ఎనిమిదింటికి రెండు కొండల సందులోంచి గాలి మొదలవుతుంది. ఎండ ముదిరేసరికి ఆగిపోతుంది. ఆ మూడు గంటల గాలే మా జట్టుకు ఆస్తి. మామూలు రోజుల్లో క్లాసులుంటాయి కాబట్టి మాకు దొరికింది ఆదివారం గాలి ఒక్కటే.

నేను మొదటి జట్టులో చేరిన నెలకు మా నాయన బస్సెక్కి నేరుగా నీళ్ళ గట్టుకే వచ్చాడు. ఆయన ఆర్టీసీ కండక్టరు, గొంతు పెద్దది.

"ఏం సార్, ఆడపిల్లను ఎండలో పెట్టి పడవలు తోలిస్తా ఉండారంట? నల్లబడిపోతే రేపు ఎవురు జేసుకుంటారు?"

కోచ్ సార్ మా నాయనను ఒడ్డున నిలబెట్టిన పడవ దగ్గరికి తీసుకుపోయి తాడు ఆయన చేతికిచ్చాడు. "పట్టుకోన్నా ఒక్క నిమిసం." తెరచాపను గాలి కేసి తిప్పాడు. తాడు ఒక్క గుంజు గుంజితే మా నాయన నాలుగడుగులు ముందుకు పోయి మోకాళ్ళ మీద పడబోయాడు.

"దీన్ని మీ పాప గంట సేపు పట్టుకుంటాది," అన్నాడు సార్. "పెండ్లికొడుకు అగపడినప్పుడు ఈ మాట గూడా జెప్పండి. వానికి తెలవాల గదా."

మా నాయన కాసేపు కోపంగా చూసి, తర్వాత నవ్వేశాడు. అప్పట్నుంచి బస్సులో ఎవరు దొరికినా మా పాప పడవ తోలుతుందని టికెట్టుతోపాటు చెప్పేవాడు. నాకు పెళ్ళీ అయింది, నల్లగానే ఉన్నాను.

ఇదంతా ముచ్చట. అసలు సంగతికి వస్తాను, అక్కడికి వస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

పిల్లలు నీళ్ళ మీద ఉన్నప్పుడు పక్కనే మోటారు పడవ తిరుగుతూ ఉండాలి. అందులో ఈత, తెరచాప పడవ రెండూ తెలిసిన పెద్దవాళ్ళు ఇద్దరు ఉండాలి. ఇది సార్ పెట్టిన నియమం. "ఒకరు మోటారు పట్టాల, ఒకరు నీళ్ళలోకి దూకాల. రెండూ ఒకడే జేస్తే ఆ పడవ పోయి మునిగినోళ్ళ మీదనే ఎక్కుతాది." మొదట్లో ఇంకో కోచ్ కూడా ఉండేవాడు. ఆయన వేరే ఊరికి పోయాక ఆ జాగా ఖాళీగానే ఉండిపోయింది. అప్పట్నుంచి రెండో మనిషి వస్తేనే పడవలు నీళ్ళలోకి, రాకపోతే లేదు.

రెండో మనుషులకేం కొదవ? ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళం తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కలే ముప్పై మందికి పైగా ఉన్నాం. ఏటా మా సంఘం వార్షికోత్సవానికి సార్‌ను పిలిచి శాలువా కప్పేవాళ్ళం. మాట్లాడమంటే లేచి ప్రతి ఏడూ ఒకే మాట చెప్పేవాడు. "నాకేం వద్దప్పా. ఆదివారం పొద్దున మూడు గంటలు, ఒక్కరు, మార్చి మార్చి రాండి. పిలకాయలు నీళ్ళలోకి దిగుతారు." చప్పట్లు మోగేవి. మరుసటి ఏడాది మళ్ళీ శాలువా. మేం టీ షర్టులిచ్చాం, టోపీలిచ్చాం, పోటీల్లో గెలవకముందే షీల్డులు పెట్టుకునే అద్దాల బీరువా ఇచ్చాం. శాలువాలను ఆయన షెడ్డులో పడవల అడుగున పరిచాడు, పడవలు నిలిపే ఇనుప గొట్టాలకు రాసుకుని పడవ గీరుకుపోకుండా. ఒకసారి మా అధ్యక్షుడు అది చూసి చిన్నబుచ్చుకున్నాడు. "మెత్తగుండాయప్పా, మంచి శాలువాలు," అన్నాడు సార్. అది వెక్కిరింత కాదు, నిజంగానే మెచ్చుకున్నాడు.

రెండో మనిషి రాని ఆదివారాలు ఆయన ఏం చేసేవాడో చెప్పాలి. పడవను ఒడ్డున ఇసకలో నిలబెట్టి పిల్లలను అందులో కూర్చోబెట్టేవాడు. తాను పక్కన నిలబడి రెండు చేతులతో తెరచాపను నెట్టేవాడు. "గాలి తిరిగింది!" అని అరిచి గబగబా అటు పక్కకు పోయి అక్కడినుంచి నెట్టేవాడు. పిల్లలు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు దూకి తాడు మార్చేవాళ్ళు. అరవై దాటిన మనిషి, చెమటలు కారుస్తూ పడవ చుట్టూ తిరిగేవాడు. ఎదురుగా నీళ్ళ మీద అసలు గాలి ఊరికే పోతూ ఉండేది.

నేను వస్తానని మాటిచ్చాను. అబద్ధం ఎందుకు, రెండు ఆదివారాలు పోయాను కూడా. మూడో వారం పేపర్లు దిద్దే పని, నాలుగో వారం ఆడబిడ్డ కొడుకు చెవులు కుట్టించారు. ఆ తర్వాత కారణాలు వెతుక్కోవాల్సిన పని కూడా లేకపోయింది. వారానికి ఒక్క ఆదివారం, ఆ పూటన్నా ఇంటి పట్టున ఉండాలి కదా అని ఎవరినడిగినా అంటారు. నేనూ అన్నాను.

సార్ మాత్రం శనివారం సాయంత్రం ఫోన్ చేసేవాడు. రావాలని అడిగేవాడు కాదు, ఎందుకు రాలేదని కూడా అడిగేవాడు కాదు. "రేపు గాలి బాగుంటాది పాపా," అనేవాడు. "సరే సార్," అనేదాన్ని. "ఊఁ" అని పెట్టేసేవాడు. ఏళ్ళ తరబడి ఇదే. నన్నొక్కదాన్నే కాదు, గ్రూపులో చాలామందికి అలాగే చేసేవాడని తర్వాత తెలిసింది. నాకు ఆయన మీద కోపం కూడా ఇక్కడే. ఒక్కసారి, "ఏమ్మే, నేర్పిచ్చిందంతా ఏట్లో కలిపినావా?" అని తిట్టి ఉంటే రోషానికైనా పోయేదాన్ని. గాలి సంగతి చెప్పి ఊరుకుంటే సరే అనడం ఎంతసేపు?

పోయిన ఏడాది మా సంఘం జట్టుకు కొత్త తెరచాప ఇచ్చింది. మంచి పనే. మా అధ్యక్షుడు రోడ్ల కాంట్రాక్టరు, చేతికి ఎముక లేని మనిషి, ఒకప్పుడు మాలో అందరికంటే బాగా పడవ నడిపినవాడు. "ఇచ్చినోళ్ళ పేర్లు ఉండాల కదమ్మా," అన్నాడు. మన దగ్గర గుడికి ట్యూబులైటు ఇచ్చినా దాని మీద దాత పేరు, తండ్రి పేరు, ఊరు రాయిస్తారు. రాత పోగా మిగిలిన సందుల్లోంచి వెలుతురు వస్తుంది. నేనే పేర్ల జాబితా తయారుచేసి లారీలకు బొమ్మలు వేసే పెయింటరు దగ్గరికి తీసుకుపోయాను. ఎవరి పేరూ వదలకుండా, ఎవరి ఇంటిపేరూ తప్పు పోకుండా రెండుసార్లు సరిచూశాను. నా పేరు చివర సంయుక్త కార్యదర్శి అని కూడా వేయించాను. చదివినన్నాళ్ళూ తెరచాప తాడు పట్టుకున్నదాన్ని, గుడ్డ మీద ఆయిల్ పెయింటు కొడితే ఏమవుతుందో నాకు తట్టలేదు. అధ్యక్షుడికీ తట్టలేదు. ముప్పై మంది నావికుల్లో ఒక్కరికీ తట్టలేదు.

ఆదివారం పొద్దున జలాశయం గట్టున షామియానా వేసి, కొబ్బరికాయ కొట్టి తెరచాప ఇచ్చాం. ఆ రోజు అందరూ వచ్చారు. మగవాళ్ళు తెల్లచొక్కాలు, నేను పట్టుచీర. సార్ తెరచాపను రెండు చేతులతో అందుకుని, కొస విప్పి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి గుడ్డను నలిపి చూశాడు. రంగు పెళుసుగా చిట్లింది.

"ఎవురు రాయించినారిది?"

నేను అధ్యక్షుడి వెనక్కి జరిగాను. ఆయన కొస నుంచి కొస దాకా పేర్లన్నీ చదివాడు. నా పేరు కూడా చదివే ఉంటాడు.

"ఇంతమంది ఎక్కినాక గాలికి చోటు యాడుండాదప్పా?"

అందరూ పడీపడీ నవ్వి చప్పట్లు కొట్టారు. సార్ సరదా మనిషని అధ్యక్షుడు మైకులో చెప్పాడు. నవ్వులు ఆగేదాకా ఉండి సార్ మళ్ళీ అన్నాడు. "సరే, వచ్చినారు గదా. గాలుండాది, పిలకాయలుండారు. ఒక్కరు నాతో మోటారు పడవలోకి రాండి."

అందరూ ఇడ్లీల వైపు తిరిగారు. "ఈ గుడ్డలతోనా సార్? వచ్చే వారం కచ్చితంగా," అన్నాడు అధ్యక్షుడు. నేను నా చీర కుచ్చిళ్ళ కేసి చూసుకున్నాను. పక్కన మహిళల గది ఉంది, జట్టు పిల్లల టీ షర్టులు డజన్ల కొద్దీ ఉన్నాయి, మేమిచ్చినవే. మార్చుకుని దిగడానికి పది నిమిషాలు పట్టేది. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఫొటోలు దిగి ఇళ్ళకు వచ్చేశాం. ఆ పూట కూడా పిల్లలు ఇసకలోనే తిరిగారు.

ఆ తెరచాప అప్పడంలా బిర్రబిగిసిపోయి గాలి పట్టలేదు. చెన్నైలో పోటీకి తీసుకుపోతే రాతలున్నది పనికిరాదని పక్కన పెట్టించారట. సార్ తన చేత్తో అతుకులు వేసిన పాతదే కట్టారు. మా జట్టు చివరినుంచి రెండోది. తిరిగొచ్చిన రోజు స్టేషన్‌కు పూలగుత్తితో నన్ను పంపించారు. జట్టు కెప్టెన్ రేవతి, ఎంఏ చదివే అమ్మాయి, ఆ గుత్తి తీసుకోలేదు.

"ఒడ్డున అన్నీ సరింగా జేస్తిమక్కా. నీళ్ళ మీద గాలి సార్ చేతులు నెట్టినట్ల నెట్టలా," అంది. కళ్ళనిండా నీళ్ళు. "మీకు పడవ నడిపేది వచ్చంట గదా? మలుపు తిప్పడంలో మీ మాదిరి చెయ్యి ఇంగొకరికి లేదని సార్ జెప్పినాడు. మరి ఎందుకు రారు?"

ఆ మాట సార్ నాతో ఎన్నడూ అనలేదు. ఆ పొగడ్త నాకు అందిన వేళ చూడండి. నేను ఏదో అనబోయేలోగా సార్ సంచీ భుజానికెత్తుకుంటూ, "గమ్మునుండు పాపా. అక్కకు పనులుంటాయి," అన్నాడు. ఆయన అలా వెనకేసుకు రావడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పూలగుత్తి స్టేషన్ బెంచీ మీద పెట్టి వచ్చేశాను. ఆ తర్వాతైనా పోయానా అంటే, లేదు. సిగ్గేసి పోలేదని చెప్పుకుంటాను. సిగ్గు కూడా ఒక కారణమే, చెవులు కుట్టించడం లాగా.

ఆయన పోయిన వారం శుక్రవారం పొద్దున గదిలోనే, గుండె ఆగి పోయాడు. అంతకు ముందు శనివారం కూడా ఫోన్ చేశాడు. గాలి బాగుంటుందన్నాడు, సరే అన్నాను.

జీవిత విశేషాలు రాయలేక ఈ శనివారం సాయంత్రం కాగితం పక్కన పడేశాను. అప్పుడే రేవతి ఫోన్ చేసింది. కొత్త కోచ్ వచ్చేదాకా పాత విద్యార్థులు ఇద్దరు బాధ్యత తీసుకుంటే జట్టును నీళ్ళలోకి దింపవచ్చని యూనివర్సిటీ వాళ్ళు ఒప్పుకున్నారట. ఎవరూ రాకపోతే పడవలు షెడ్డులోనే ఉంచి తాళం వేస్తారట. "రేపు వస్తాను," అన్నాను. ఈసారి సరే అనలేదు. రెండో మనిషి కోసం గ్రూపులో పెట్టబోయి, ఎలా రాయాలో తోచక, ఆయన మాటే రాశాను. "రేపు గాలి బాగుంటాది."

నిమిషంలో దండాల బొమ్మలు మొదలయ్యాయి. ఒకరు కన్నీళ్ళ బొమ్మ పెట్టారు. "నాకూ ఇదే చెప్పేవారు," అని ఒకరు, "నాకు కూడా," అని ఇంకొకరు. అధ్యక్షుడు వెంటనే ఆ మాటను ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాలతో వేయించమన్నాడు, గాలికి చిరగకుండా కోతలు పెట్టించడం మరిచిపోవద్దని కూడా చెప్పాడు. అది కాదు, రేపు పడవల దగ్గరికి ఒకరు రావాలి అని విడమరిచి రాశాను. రేపు పొద్దున తొమ్మిదింటికి సార్ సభ కదమ్మా, ఆ ఒక్క పూట ఎలా కుదురుతుంది అని జవాబు వచ్చింది. నిజమే, సభ ఆదివారం పొద్దునే పెట్టారు. అందరికీ వీలుండేది అప్పుడేనట.

ఏడున్నరకల్లా గట్టు మీద ఉన్నాను. రేవతి నలుగురు పిల్లలతో పడవ సిద్ధం చేసింది. తన చున్నీ అంచులోంచి పోగు లాగి తాడుకు కట్టింది. ఎనిమిదింటికి కొండల సందులోంచి గాలి వచ్చింది, పోగు బారుగా లేచి నిలబడింది. పిల్లలు నా వైపు చూశారు. మోటారు పడవలో నేనొక్కదాన్నే. ఒకరు మోటారు పట్టాలి, ఒకరు దూకాలి. నియమం ఆయనదే, ఆయన లేకుండా పడవ దించబోయిన మొదటి ఆదివారమే దాన్ని మీరడానికి నాకు చేతులు రాలేదు. ఫోన్ తీసి ముప్పై పేర్లకూ వరసగా చేశాను. మొదట ఇద్దరు ముగ్గురు దారిలో ఉన్నామమ్మా, నువ్వెక్కడున్నావు, జీవిత విశేషాలు నువ్వే కదా చదవాలి అన్నారు. తొమ్మిది దాటాక ఎవరూ ఎత్తలేదు. హాల్లో ఉన్నారు, ఫోన్లు సైలెంటులో ఉంటాయి.

"అక్కా, పడవ ఇసకలోకి లాగమంటారా?" అంది రేవతి.

లాగాం. నేను పక్కన నిలబడి రెండు చేతులతో తెరచాపను నెట్టాను. గాలి ఆ రోజు పదకొండింటి దాకా ఉంది.